గబ్బిలం బొమ్మ, నిండుకున్న బియ్యం

పోయినసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు పిల్లల్ని సాలార్‌జంగ్ మ్యూజియానికి తీసుకెళ్ళాం. చైనా వస్తువుల్లో మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినవి గుప్పిట్లో ఇమిడే నశ్యం సీసాలు. మా తాతగారికి నశ్యం అలవాటుండేది. ఆయన ఇత్తడి డబ్బీ నాందేడ్‌లో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మరాఠీ పొరుగువాళ్ళు దాన్ని 'తపకీర్' డబ్బీ అంటారు.

చింగ్ రాజుల కాలంలో (1644–1912) చైనాలో నశ్యం పొడికి చెమ్మ తగలకుండా ఇలాంటి సీసాల్లో పోసుకునేవారు. బిరడాకే ఒక చిన్న చెంచా ఉండేది. కొన్ని గాజు సీసాలకైతే వంకర కుంచె లోపలికి దూర్చి, లోపలి వైపునే బొమ్మలు వేశారు. ఇలాంటి సీసాల మీద చేపలు, తామరలు, గబ్బిలాలు కనిపిస్తుంటాయి.

గబ్బిలం ఇంట్లో దూరితే మనవాళ్ళు అశుభమంటారు. చైనావాళ్ళకది శుభం. ఎందుకంటే వాళ్ళ భాషలో గబ్బిలమూ 'ఫు'నే, భాగ్యమూ 'ఫు'నే. ఐదు గబ్బిలాలు వేస్తే ఐదు భాగ్యాలు: దీర్ఘాయువు, సంపద, ఆరోగ్యం, మంచి గుణం, చివరికి మన పెద్దలు కూడా కోరుకునే అనాయాస మరణం. చేపను 'యు' అంటారు, మిగులునూ 'యు' అంటారు. తామర పేరు 'లియన్', ఎడతెగకుండా అనడానికీ అదే పలుకు. తామర పక్కన చేపను గీస్తే ఏటేటా ఇంట్లో మిగులుండాలని దీవెన. అంటే శుభం బొమ్మలో లేదు, మాటలో ఉంది. ఆ భాష రానివాళ్ళకు చేప చేపే, గబ్బిలం గబ్బిలమే.

ఇదంతా ఎందుకు చెప్తున్నామంటే, పోయిన నెల మా అమ్మ వంటింట్లోంచి "బియ్యం నిండుకున్నాయిరా" అంది. మా పాప వెంటనే "నిండాయి కదా నానమ్మా, మళ్ళీ తేవడమెందుకు?" అంది. అందరం నవ్వాం. తర్వాత మాకే ఎట్లనో అనిపించింది. వంటింట్లో 'లేవు' అనకూడదని మన పెద్దవాళ్ళు 'నిండుకున్నాయి' అన్నారు. చైనావాళ్ళు సీసా మీద చేపతో చేసిన పని మనవాళ్ళు ఒక్క మాటతో చేశారు. దీపం ఆరిందనరు, కొండెక్కిందంటారు. పోతానని అనరు, వెళ్ళొస్తానంటారు.

నాందేడ్ మరాఠీ ఊరు, పిల్లలకు మరాఠీ, హిందీ, ఇంగ్లీషు చాలు కదా అని మనవాళ్ళే కొందరంటారు. ఆ భాషలు రావాల్సిందే. మేమూ బీదరులో కన్నడ మీడియంలో చదివినవాళ్ళమే. కన్నడ లిపి తెలుసు గనుక తెలుగు అక్షరాలు తొందరగానే పట్టుబడ్డాయి. కానీ 'నిండుకోవడం' అంటే అయిపోవడమని ఏ పుస్తకమూ చెప్పలేదు, అమ్మమ్మ వంటిల్లు చెప్పింది. ఇప్పుడు మా ఇంట్లో ఆ పని మేం చేయకపోతే ఇంకెవరూ చేయరు.

మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తెరమీద బటన్ చక్కగా కనిపిస్తే చాలదు, నొక్కితే పని జరగాలి. మన షోకేసుల్లో ఇత్తడి బిందెలు, తాతల డబ్బీలు అన్నీ చక్కగానే కనిపిస్తున్నాయి. వాటి వెనకున్న మాటలు పిల్లలకు అందకపోతే అవి ఉత్త ఇత్తడి.

అందుకే తాతగారి డబ్బీని షోకేసులోంచి తీసి పాప చేతికిచ్చాం. రోజుకో ఇంటి మాట, దాని వెనక కథ చెప్తున్నాం. మీ ఇళ్ళలోనూ ఇలాంటి మాటలుంటాయి. అవి నిండుకోకముందే పిల్లలకు చెప్పండి, మాకూ రాయండి.