అవతారిక ఉంది, కావ్యం ఏదీ? : బోధన పురస్కార దరఖాస్తుపై ఒక విమర్శ

తెలుగు ప్రబంధంలో కథకు ముందు అవతారిక ఉంటుంది. ఇష్టదేవతా స్తుతి, సుకవి స్తుతి, కృతిపతి వంశవర్ణన, షష్ఠ్యంతాలు పూర్తయిన తరువాతే కథ మొదలవుతుంది. అవతారికతోనే ముగిసిన గ్రంథాన్ని కావ్యమని ఏ విమర్శకుడూ అంగీకరించడు. విశ్వవిద్యాలయ అధ్యాపకుడు ఉత్తమ బోధన పురస్కారానికి సమర్పించే దరఖాస్తు మాత్రం తరచుగా అక్కడే ఆగిపోతున్నది. పాల్గొన్న సదస్సులు, అచ్చయిన వ్యాసాలు, కప్పిన శాలువాల ఛాయాచిత్రాలు అందులో బారులు తీరి ఉంటాయి. విద్యార్థి ఎక్కడా కనిపించడు.

ఈ స్థితికి చరిత్ర ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2010 నిబంధనలలో ప్రవేశపెట్టిన పనితీరు సూచికలు అధ్యాపక వృత్తిని అంకెలలో లెక్కించడం నేర్పాయి. 2018 నిబంధనలు ఆ విధానాన్ని మార్చినా, అలవాటు మారలేదు. అయితే నెపాన్ని నిబంధనల మీదికే నెట్టడం న్యాయం కాదు. జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలను 2023లో ఉన్నత విద్యకు విస్తరించి 13 మంది అధ్యాపకులను ఎంపిక చేసినప్పుడు, బోధనాభ్యసన ప్రభావం కూడా ప్రమాణాలలో ఒకటి. అడిగిన ప్రశ్నకు సమాధానం రాయకపోవడం దరఖాస్తుదారు లోపమే.

ఆ సమాధానం ఎలా ఉండాలో తెలుసుకోవడానికి తాండూరు సమీపంలోని కరణ్‌కోటను ఉదాహరణగా తీసుకోవచ్చు. సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా కర్మాగారం ఉన్న ఊరు అది. చుట్టుపక్కల నాపరాతి గనులు, 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కంది పండే చేలు, చేరువలోనే కర్ణాటక సరిహద్దు. ఉర్దూ, కన్నడ పలుకుబడులు కలిసిన తెలుగుతో అక్కడి నుంచి ఒక విద్యార్థి డిగ్రీ తరగతికి వచ్చాడనుకుందాం. తన మాట తప్పు తెలుగని భయపడి అతడు కాగితం మీద కలం పెట్టడు. అధ్యాపకుడు అతనిచేత గని పదాలను, సేద్యపు పదాలను సేకరింపజేసి, వాటి అర్థవివరణ రాయించి, అక్కడి నుంచి పాఠ్యభాగంలోని భాషకు నడిపించవచ్చు. ఈ పద్ధతికి తెలుగులోనే పూర్వరంగం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లోనే వెలువడింది.

బలమైన దరఖాస్తు ఈ క్రమాన్నే చూపాలి. విద్యార్థి మొదటి వారంలో రాసిన పుట, ఎదురైన చిక్కు, దానికి ఎంచుకున్న పద్ధతి, సంవత్సరాంతంలో అదే అంశంపై రాసిన పుట, ఫలించని ప్రయత్నం, మార్కులు ప్రకటించిన తరువాత విద్యార్థులు నిర్భయంగా చెప్పిన అభిప్రాయం అందులో ఉండాలి. మార్పుకు ఇతర కారణాలు ఉంటే వాటినీ ఒప్పుకోవాలి. ఇన్నిటికీ పది పుటలు చాలు.

దీనికి రెండు ఆక్షేపణలు వినిపిస్తాయి. ఆత్మస్తుతి అధ్యాపకునికి తగదన్నది మొదటిది. ఆధారం లేని పొగడ్త ఆత్మస్తుతి అవుతుంది. విద్యార్థి రాతను పరీక్షకు పెట్టడం ఆత్మస్తుతి కాదు. పైగా మంచి అధ్యాపకుడు మౌనం వహిస్తే పురస్కారం సిఫారసు ఉన్నవారికి చేరుతుంది. సాహిత్యాభిరుచిని కొలవలేమన్నది రెండవది. కొలవనవసరం లేదు, చూపితే చాలు. ఒకే పద్యానికి ఒకే విద్యార్థి ఆరు నెలల ఎడంతో రాసిన రెండు వ్యాఖ్యానాలను పక్కపక్కన ఉంచితే తేడా చదువరికే తెలుస్తుంది.

ఆధారం లేని ప్రతిపాదనను సిద్ధాంత గ్రంథంలో తెలుగు శాఖలు అనుమతించవు. పరిశోధక విద్యార్థికి విధించే ఆ నియమాన్ని ఆచార్యుడు తన దరఖాస్తుకు వర్తింపజేసుకోకపోవడం ద్వంద్వనీతి. ఫైలు మందాన్ని బట్టి పురస్కారం దక్కిన ప్రతిసారీ, తరగతి గదిలో చేసిన పని లెక్కలోకి రాదని యువ అధ్యాపకులు నేర్చుకుంటారు. ఆ పాఠానికి మూల్యం చెల్లించేది మాత్రం, ఇంటిల్లిపాదిలో మొదటిసారి కళాశాల గడప తొక్కిన కరణ్‌కోట విద్యార్థి వంటివారే.