ఇద్దరు ప్రెసిడెంట్లు

గోదావరి డెల్టాలో ‘ప్రెసిడెంటుగారు’ అను మాటకు రెండర్థములు గలవు. అరుగుమీద కూర్చున్న తాత నోట వచ్చినచో అది ఆ యూరి సర్పంచిని గూర్చిన మాట. చట్టములు మారి, పదవికి పేరు మారి ఎంతకాలమైనను పల్లె నాలుక పాత పేరును విడువలేదు. కళాశాలనుండి సెలవులకు వచ్చిన మనుమని నోట అదే మాట వచ్చినచో అది వాషింగ్టనులోని శ్వేతసౌధమున నుండువానిని గూర్చినది. మొదటి ప్రెసిడెంటు ఇల్లు రెండు వీధుల కవతల. రెండవవాని ఇల్లు సముద్రముల కవతల. ఐనను మనుమనికి రెండవవానిని గూర్చి తెలిసినంత మొదటివానిని గూర్చి తెలియదు.

ఇందులో అతనిని నిందింపవలసినది లేదు. భీమవరము, తణుకు, అమలాపురము, రాజమహేంద్రవరము పరిసరములలో నాలుగక్షరములు నేర్చిన కుటుంబము దేనిని చూచినను పెదతండ్రి కొడుకో, మేనత్త కూతురో డల్లాసులోనో న్యూజెర్సీలోనో ఉండనే యుండును. అమెరికా ప్రభుత్వము వీసా నిబంధనలలో నొక వాక్యము మార్చినచో ఇచ్చట నొక పెండ్లి ముహూర్తము మారును. కావున అక్కడి ఎన్నిక ఇక్కడి యింటి విషయమే యైనది. ఎలక్టరులు 538 మంది యనియు, గెలుపునకు 270 మంది చాలుదురనియు, ఏ రాష్ట్రము ఏ పక్షమునకు మొగ్గుననియు మన డిగ్రీ విద్యార్థి వ్రేళ్ళమీద లెక్కింపగలడు.

ఈ పరిజ్ఞానమునుండి అతడొక యభిప్రాయమునకు వచ్చియున్నాడు. భారతదేశమునకును అట్టి అధ్యక్షుడే కావలెనట. ప్రజలు నేరుగా ఒక్కనిని ఎన్నుకొనవలెను. ఎన్నికైనవాడు పదవీకాలము ముగియువరకు ఎవ్వరికిని లొంగక దేశమును నడుపవలెను. శాసనసభ్యుల బేరములు, సంకీర్ణములలోని అలుకలు, పార్టీ ఫిరాయింపులు ఒక్క వ్రేటుతో పోవలెను. గోదావరి గట్టున సాయంకాలము కూడు యువకులలో తరచుగా వినవచ్చు మాట యిది. వీరు ఓటర్లు. 1989లో అమలులోనికి వచ్చిన 61వ రాజ్యాంగ సవరణ ఓటు వయస్సును 21 నుండి 18కి దించినది. కావున వీరి మాటను కుర్రతనమని త్రోసివేయుటకు వీలులేదు. నేడు గట్టుమీద చెప్పినది రేపు ఓటు యంత్రములోనికి ఎక్కును.

అతని యసహ్యములో న్యాయమున్నది. 1985లో 52వ సవరణద్వారా ఫిరాయింపుల నిషేధము వచ్చినను, గెలిపించిన గుర్తును విడిచి ఆవలి పక్షమున కూర్చున్నవారిని తెలుగువారు చూచుచునే యున్నారు. వ్యాధిని అతడు సరిగానే గుర్తించినాడు. మందు పేరు మాత్రము తప్పు చెప్పుచున్నాడు.

అమెరికా ప్రజలు తమ యధ్యక్షుని నేరుగా ఎన్నుకొనరు. 2000లో ఆల్ గోరుకును, 2016లో హిల్లరీ క్లింటనుకును ప్రజల ఓట్లు ఎక్కువగా వచ్చినవి. క్లింటనుకు వచ్చిన ఆధిక్యము 28 లక్షలకు పైబడినది. ఐనను పదవి ప్రత్యర్థులకే దక్కెను. 538 అను అంకెను కంఠస్థముగా చెప్పు యువకుడు ఆ అంకెకు అర్థమిదియే యని గమనింపకుండుట వింత.

ఇంతకంటె పెద్ద సంగతి మరియొకటి గలదు. 1787లో ఫిలడెల్ఫియాలో ఆ రాజ్యాంగమును వ్రాసినవారు ఒక రాజును వదల్చుకొని వచ్చినవారు. మరల రాజు పుట్టకుండ చూచుటయే వారికి గల పెద్ద చింత. అధ్యక్షుని చేతికి సేనను ఇచ్చి, బొక్కసపు తాళపుచెవిని కాంగ్రెసు చేత పెట్టిరి. సంధి చేసికొను అధికారమిచ్చి, సెనేటులో మూడింట రెండువంతులు ఒప్పినగాని అది చెల్లదనిరి. బిల్లును త్రోసిపుచ్చు హక్కునిచ్చి, ఉభయసభలును మూడింట రెండువంతుల ఓట్లతో దానిని మరల నిలుపవచ్చుననిరి. ఒక చేతితో ఇచ్చినదానికెల్ల రెండవచేతితో పగ్గము వేసిరి. 2025 అక్టోబరు 1 మొదలు నవంబరు 12 వరకు, 43 దినములు, ద్రవ్యమునకు సభల యనుమతి లేక అక్కడి కేంద్రప్రభుత్వ కార్యాలయములు పెక్కు మూతపడియుండెను. ‘ఎవ్వరికిని లొంగని’ అధ్యక్షుని యేలుబడిలో జరిగిన ముచ్చట యిది! డెల్టా యువకుడు మెచ్చుచున్నది అమెరికా ప్రభుత్వమును కాదు, అమెరికా అధ్యక్షుని దర్పమును. ఆ దర్పమునకు విరుగుడుగా కట్టినదే ఆ ప్రభుత్వము.

మన రాజ్యాంగకర్తలకు ఈ పద్ధతి తెలియక కాదు. 1948 నవంబరు 4న రాజ్యాంగసభలో ముసాయిదాను ప్రవేశపెట్టుచు డాక్టరు అంబేద్కరు రెండు పద్ధతులను త్రాసున వేసి చూపిరి. అమెరికా పద్ధతిలో నిలుకడ యెక్కువ, జవాబుదారీ తక్కువ. పార్లమెంటరీ పద్ధతిలో జవాబుదారీ యెక్కువ, నిలుకడ తక్కువ. రెండును సమపాళ్ళలో కూర్చిన ప్రభుత్వము ఎక్కడను పుట్టలేదు కావున ముసాయిదా జవాబుదారీనే మిన్నగా నెంచినదని వారి వాదసారము. అచ్చట ఎన్నిక వచ్చినపుడు లెక్క యడుగుదురు. ఇచ్చట ప్రశ్నలతో, తీర్మానములతో, అవిశ్వాసముతో దినదినమును అడుగవచ్చును.

ఆ దినదినపు లెక్క యెంత పదునైనదో 1999 ఏప్రిల్ 17న దేశము చూచెను. ఆనాడు లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వమునకు అనుకూలముగా 269, ప్రతికూలముగా 270 ఓట్లు వచ్చినవి. సభాపీఠమున నున్నవారు అమలాపురము నియోజకవర్గమునుండి ఎన్నికైన జి.ఎం.సి. బాలయోగి. ఒక్క ఓటుతో ఢిల్లీ ప్రభుత్వము పడిపోయినదను మాటను దేశము కోనసీమబిడ్డ నోట వినెను. ఇది నిలుకడ కాదు, నిజమే. కొలది నెలలలో మరల ఎన్నికల ఖర్చు నెత్తిన పడినది, అదియు నిజమే. కాని సభ విశ్వాసము పోయిన ప్రధాని ఆనాడే రాజీనామా సమర్పించెను. తుపాకి పేలలేదు, ఎవ్వరును చెరసాలకు పోలేదు. దీనిని బలహీనత యనువారు బలమను మాటకు అర్థము మార్చి చెప్పుచున్నారు.

అంబేద్కరు ప్రసంగించిన ఆ రాజ్యాంగసభలోని కొలదిమంది స్త్రీలలో నొకరు దుర్గాబాయి. 1909లో రాజమహేంద్రవరమున పుట్టినవారు. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు ఆమె అక్కడి ఖద్దరు ప్రదర్శనమున బాల వాలంటీరు. టిక్కెట్టు లేక వచ్చిన జవహర్లాలు నెహ్రూను ఆమె గుమ్మమున నిలిపివేసెను. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు తెచ్చియిచ్చిన పిదపనే లోనికి విడిచెను. ఆ బాలికకు ఓటు లేదు, ఓటు వేయు వయస్సును లేదు. ఎంతవాడైనను టిక్కెట్టు చూపవలెనను నియమము మాత్రము తెలిసియుండెను. వంద యేండ్ల తరువాత అదే నేలమీది యువ ఓటరు కోరుచున్నది టిక్కెట్టు లేకయే లోనికి పోగల నాయకుని!

అట్టి నాయకుని చేతి సంతకమెట్లుండునో 2025 సంవత్సరము డెల్టాకు చూపినది. దానికి ముందటియేడు నవంబరులో తణుకు సమీపమున నున్న వడ్లూరు సంతోషమున మునిగియుండెను. ఉషా చిలుకూరి వాన్స్ పూర్వికుల యూరది. ఆమె భర్త అమెరికా ఉపాధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. మన యాడపడుచను వాత్సల్యము సహజమే. తెలుగువాడు రాజకీయమును గూడ బంధుత్వముతోనే కొలుచును. ప్రభుత్వముల లెక్క వేరు. 2025 ఆగస్టు 7న భారతదేశపు సరకులపై 25 శాతము, అదే నెల 27న మరి 25 శాతము, వెరసి 50 శాతము సుంకము పడెను. దీనికై కాంగ్రెసులో బిల్లు రాలేదు, చర్చ జరుగలేదు. 1977నాటి అత్యవసర ఆర్థికాధికారముల చట్టమును చూపి అధ్యక్షుడు చేసిన సంతకమే దీనికాధారము. మన రొయ్యలకు పెద్ద కొనుగోలుదారు అమెరికాయే కదా! భీమవరము, ఉండి, ఆకివీడు చుట్టుపట్ల వనామి చెరువుల గట్లమీద ఆ సిరాతడి యారకముందే అలజడి మొదలైనది. మేత ధర తగ్గలేదు, కరెంటు బిల్లు తగ్గలేదు. కొనువాడు చెప్పు వంద కౌంటు ధర మాత్రము తగ్గినది. సెప్టెంబరు 19న మరియొక ప్రకటన వెలువడెను: కొత్త హెచ్-1బి దరఖాస్తునకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని. చెరువునకు పెట్టుబడి పెట్టిన తండ్రికిని, కొలువునకై చదువుచున్న కొడుకునకును ఒక్క నెల వ్యవధిలో రెండు దెబ్బలు. దృఢమైన నాయకుడు ఎవ్వరినీ అడుగక చకచక నిర్ణయములు చేయుటయన నిదియే. ఆ దార్ఢ్యము ఎదుటివారిపై పడునపుడు ముచ్చటగా నుండును.

ఆ యేడు డెల్టాకు అమెరికానుండి ఒకింత ఊరట దొరికినచో అది పగ్గములు వేసినవారి వలననే దొరికినది. తాత్కాలిక వీసామీద నున్నవారికి అక్కడ పుట్టబోవు బిడ్డలకు పౌరసత్వము లేదనుచు 2025 జనవరి 20న అధ్యక్షుడు ఉత్తరువు చేసెను. ఎన్ని తెలుగిండ్లలో ఆ వారము నిద్రలు లేవో! 1868నాటి 14వ సవరణను ఎత్తిచూపిన వాదము విని సియాటిల్ నగరపు ఫెడరల్ న్యాయాధిపతి యొకరు జనవరి 23న ఆ యుత్తరువును తాత్కాలికముగా నిలిపివేసిరి. సుంకముల విషయమున 2025 మే 28న వాణిజ్య న్యాయస్థానము, ఆగస్టు 29న అప్పీలు న్యాయస్థానము, ఆ 1977 చట్టము అధ్యక్షునికి అంత యధికార మీయలేదని తీర్పు చెప్పినవి. తీర్పులు వెంటనే అమలునకు రాలేదు గాని, సంతకమునకు ఎదురుగా నిలిచి ‘కాదు’ అనగల పీఠమొకటి యున్నదని తేలెను. యువకుడు మెచ్చవలసిన అమెరికా యేదైన నున్నచో అది యిది.

ఇక రెండు వీధుల కవతలి ప్రెసిడెంటు సంగతి. యువకుడు దేశమునకు కోరుచున్న ప్రత్యక్ష ఎన్నిక అతని యూరిలో ఉండనే యున్నది. సర్పంచిని వార్డు సభ్యులు కాదు, ఓటర్లందరు నేరుగా ఎన్నుకొందురు. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్తు అధ్యక్షులను గూడ ప్రజలు నేరుగానే ఎన్నుకొనిరి. 1994 పంచాయతీరాజ్ చట్టము ఆ రెండు పదవులను మరల సభ్యుల ఎన్నికకు మార్చినది. అనగా రెండు తరహాలును ఈ నేలమీద పరీక్షకు నిలిచినవే. వాటి మంచిచెడ్డలు తెలిసికొనుటకు అమెరికా పోనక్కరలేదు. గోదావరి పాయ దాటనక్కర గూడ లేదు.

నేరుగా ఎన్నుకొనుట వలన ఊరి ప్రెసిడెంటు దారిలోనికి వచ్చెనా? కొన్ని యూళ్ళలో అసలు ఎన్నికయే లేదు. 2021 ఫిబ్రవరి పంచాయతీ ఎన్నికల సమయమున ఏకగ్రీవములకు జనసంఖ్యను బట్టి 5 లక్షలు మొదలు 20 లక్షల రూపాయల వరకు ప్రోత్సాహకమును ప్రభుత్వము ప్రకటించెను. ఊరంతయు నిజముగా ఒక్కమాటమీద నున్నచో సంతోషమే. కాని రామాలయపు మండపమున పదిమంది పెద్దలు కూర్చుండి తేల్చినదానికిని అదే పేరు. అట్టి యూరిలో 19 ఏండ్ల యువతికి తన తొలి ఓటు బ్యాలెట్టు కాగితముగా కాక వట్టి కబురుగా వచ్చినది. మరియు ఆ కబురు తెచ్చినది ఇంటిలోని మగవారు.

పోటీ జరిగిన చోటనైనను పగ్గమేది? చట్టము చెప్పు పగ్గము గ్రామసభ. ఏడాదికి కనీసము రెండుమారులు అది కూడవలెను. ఓటరైన ప్రతివారును అందు సభ్యులే. జమాఖర్చులను దాని ముందుంచవలెను. 2024 ఆగస్టు 23న రాష్ట్రమందలి 13,326 పంచాయతీలలో ఒకేనాడు గ్రామసభలు జరిపిరి. పత్రికలలో పెద్ద అక్షరములతో వచ్చినది. పెద్ద అక్షరములు లేని తక్కిన సభలకు వచ్చువారెవరు? కార్యదర్శి, నలుగురు వార్డు సభ్యులు, పింఛను సంగతి కనుగొనుటకు వచ్చిన ముసలమ్మ. రొయ్యల చెరువుల ఉప్పునీరు మురుగుకాలువలోనికి పోయి ప్రక్క వరిచేను చెడుచున్నదను తగవు డెల్టాలో ఎన్నియో యూళ్ళలో రగులుచునే యున్నది. అమెరికా సుంకముమీద ఓటు లేని యువకునకు ఈ మురుగుకాలువమీద మాట చెల్లును. ఆ మాట చెప్పవలసిన నాడు అతడు గట్టుమీద కూర్చుండి పెన్సిల్వేనియా ఎటు మొగ్గునో లెక్కకట్టుచుండును.

బడికి గూడ ఇందులో కొంత పాలు గలదు. ‘అధ్యక్ష తరహాకును పార్లమెంటరీ తరహాకును గల భేదములు వ్రాయుము’ అని సాంఘికశాస్త్రపు పరీక్షలో అడుగుదురు. బాలుడు కాగితము నడుమ నిలువుగీత గీసి, ఎడమ నైదు, కుడి నైదు వ్రాసి మార్కులు పొందును. ఆ గీత కిరుప్రక్కలను రొయ్యల చెరువును, పుట్టబోవు బిడ్డయు ఉండునని అతని కెవ్వరును చెప్పరు. గ్రామసభ తీర్మానముల పుస్తకమును చూచి, కడచిన యేడు ఏ పని మంజూరైనదో, ఎంత ఖర్చు వ్రాసిరో తెలిసికొని రమ్మని విద్యార్థులను పంపు ఉపాధ్యాయుడు అరుదు. పదిమంది పిల్లలు వెనుక బల్లమీద కాగితము, కలము పట్టుకొని కూర్చున్నచో కార్యదర్శి లెక్కలు చదువు గొంతు తప్పక మారును.

17 ఏండ్లు నిండిన విద్యార్థి ఓటర్ల జాబితాకై ఆరవ నంబరు ఫారమును ముందుగానే ఇయ్యవచ్చును. 2022లో వచ్చిన మార్పు వలన జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల మొదటి తేదీలలో దేనికి 18 నిండినను పేరు చేరును. పంచాయతీ ఎన్నికల జాబితా గూడ శాసనసభ జాబితానుండియే తయారగును. హైదరాబాదులోను, బెంగుళూరులోను ఉన్న డెల్టా యువకులలో పలువురి పేర్లు నేటికిని ఊరి జాబితాలోనే యున్నవి. 2024 మే 13న బస్సులు, రైళ్ళు క్రిక్కిరియగా వారు ఊళ్ళకు వచ్చి ఓటు వేసిరి. రాష్ట్రమున 81 శాతమునకు పైగా పోలింగు జరిగెను. ఆ ఓటునకై అంత దూరము వచ్చినవారు గ్రామసభకు గూడ ఒకమారు రాదలచినచో తేదీని పంచాయతీ కార్యదర్శి నడిగి తెలిసికొనవచ్చును. సభకు ముందు ఊరిలో దండోరా వేయించవలసినవారును ఆయనయే.