తునికిచెట్టు: ఆకును, పండును

అడవిపండ్ల పేర్లు చెప్పుడని తరగతిలో నడిగినచో, జనగామ ప్రాంతపు పిల్లలు మొదట సీతాఫలమును చెప్పుదురు. అది అమెరికాఖండపు ఉష్ణప్రదేశములనుండి వచ్చిన చెట్టు. మహబూబాబాదు, భూపాలపల్లి అడవిగ్రామముల పిల్లలు ఈ దేశమున పుట్టిన తునికిని చెప్పుదురు. వెంటనే "అది బీడియాకు చెట్టుగదా!" యని తోడివారు నవ్వుదురు. ఆ నవ్వే మాచేత ఈ నాలుగు మాటలు వ్రాయించుచున్నది. మంచి ఫలవృక్షమును ఆకుపేర మాత్రమే ఎరుగుట తగదని మా యభిప్రాయము.

సామర్లకోటలో పెక్కేండ్లు నివసించిన వృక్షశాస్త్రజ్ఞుడు విలియం రాక్స్‌బరో, 1795లో వెలువడిన గ్రంథమున దీనిని వర్ణించి, డయోస్పైరాస్ మెలనోజైలాన్ అని పేరిడెను. అందు రెండవ పదమునకు గ్రీకుభాషలో నల్లని కొయ్య యని యర్థము. ముదిరిన మ్రాని చేవ నిజముగా నల్లగనే యుండును. బెరడు పగుళ్లువారి మొసలివీపును తలపించును. సాధారణముగా మగపూవు లొక చెట్టునను, ఆడపూవులు వేరొక చెట్టునను పూచును. కావున ప్రతిచెట్టును కాయదు. పచ్చికాయ మిక్కిలి వగరు. వేసవిలో పసుపువన్నెకు తిరిగిన పండు తీయన. జపానువారు తోటలు వేసి పెంచు పెర్సిమన్ పండు దీనికి జ్ఞాతియే. మన తునికిపండు మాత్రము ఎలుగుబంట్లకును, పక్షులకును, పసులకాపరులకును మిగిలినది.

ఏల యిట్లయినది? వేసవికి ముందు తునికిపొదలను నరికి చిగుళ్లు తెప్పింతురు. లేతాకులను కోసి, ఏబదేసి యాకులు కట్టలు కట్టి కల్లమునకు చేర్తురు. నరకబడిన పొద పొదగనే నిలుచును. చెట్టై కాయుటకు దానికి గడువు చిక్కదు.

అట్లని ఆకు కోయవలదని మేము చెప్పజాలము. బీడీపొగ దేహమునకు హాని యనుట నిజమే. కాని ఎండలో వంగి ఆకు కోయు తల్లిని నిందించుట న్యాయము కాదు. వ్యవసాయపు పనులు లేని దినములలో అనేక కుటుంబములకు ఆ కూలియే యాధారము. ఆ పైకముతో పిల్లలకు పుస్తకములు కొనువారును గలరు. మేము కోరునది యొక్కటే: ప్రతి యాకుతోపునను కొన్ని మొక్కలను నరకక విడువవలెను. పూచినగాని ఆడ మగ తెలియదు గనుక, ఒక్కదానిని గాక కొన్నిటిని ఒకచోటనే విడువవలెను. 2006 సంవత్సరపు అటవీహక్కుల చట్టము తునికాకుపై అడవివాసుల స్వామ్యమును గుర్తించినది. ఆకుపై హక్కుగలవారికి చెట్టును కాపాడు భారమును గలదు. గ్రామసభలో పెద్దలు ఈ మాట తలపెట్టుదురుగాక.

విద్యార్థులారా! వేసవిసెలవులనుండి మరలి వచ్చునపుడు మీ యూరి తునికిగింజలను తెండు. బడి ప్రహరిప్రక్కన నాటుదము. ఇది మెల్లగా పెరుగు చెట్టు. నాటినవారు దీని పండు తినకయే బడి విడిచి పోవచ్చును. అయినను తరువాత వచ్చు పిల్లలు ఆ పండ్లను తిని, అడవిపల్లెనుండి వచ్చిన తోడివానిని చూచి నవ్వక, ఇంకను ఏయే పండ్లెరుగుదువని యడిగినచో, మన శ్రమ ఫలించినట్లే.