రీటేకులకు ఖర్చు లేదు!

మన సినిమాల్లో కథానాయిక చేతికి ఊలుబంతీ రెండు సూదులూ వచ్చాయంటే చాలు, హాల్లో అందరికీ తెలిసిపోతుంది, ఆ ఇంట్లో ఉయ్యాల కట్టబోతున్నారని! మరుసటి షాటుకి బుల్లి స్వెట్టర్ రెడీ.

ఈమధ్య ఆ సూదులు నేనూ పట్టాను. చూసిన మిత్రుడు "ఏం గురూ, ఎన్నో నెల?" అన్నాడు. సిగ్గేసి వారంరోజులు సంచీలో దాచేశాను. అప్పుడు గుర్తొచ్చాడు టామ్ డేలీ. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో డైవింగ్ స్వర్ణం గెలిచి, గ్యాలరీలో కూర్చుని అల్లుకున్న కుర్రాడు. తన పతకానికి సంచీ కూడా అల్లుకున్నాడు! ఇంక నాకెందుకు సిగ్గు?

మొదలెట్టేవాళ్ళకో మాట. స్వెట్టర్ జోలికి పోకండి, మఫ్లర్ చాలు. లావు ఊలు, లేత రంగు తీసుకోండి. నలుపులో కుట్లు కనబడి చావవు. ఇరవై కుట్లు ఎక్కించి, ప్రతి వరసా నిట్ కుట్టే వేయండి. 1974లో బి.బి.సి. 'డాక్టర్ హూ'లో టామ్ బేకర్ మెడకి చుట్టిన కొండచిలువంత మఫ్లరూ ఆ ఒక్క కుట్టే. అల్లిన బిగోనియా పోప్ గారు ఇచ్చిన ఊలంతా అల్లేశారట. చివరికి అదే ఆ పాత్రకి గుర్తయిపోయింది!

నా మఫ్లర్ మూడుసార్లు విప్పాను. ఫిల్ము రోజుల్లో చెడిన టేకు చెత్తబుట్టకే. ఊలు అలా కాదు, లాగితే మళ్ళీ బంతై చేతికొస్తుంది.

నిన్న అదే మిత్రుడు మెల్లగా అడిగాడు: "నాకూ ఓ జత సూదులు తెస్తావా?"