ఒకే పిస్టల్, రెండు పనులు



డాలస్, హ్యూస్టన్ వైపు స్థిరపడిన మన తెలుగు ముసల్మాన్ కుటుంబాల దావత్‌లలో ఒకప్పుడు ఇళ్ళ రేట్లే మాట్లాడుకునేవారు. ఇప్పుడు పిస్టల్ కబుర్లు కూడా చేరాయి. "భాయ్, ఒక్కటే కొనాలి. చొక్కా కింద పెట్టుకు తిరగడానికీ, ఆదివారం రేంజ్‌కెళ్ళి షౌక్ తీర్చుకోవడానికీ పనికిరావాలి. ఏది తీసుకోమంటావ్?" ఈ సవాల్ తరచూ వినబడుతోంది. దీని వెనక ఖౌఫ్ ఊరికే పుట్టింది కాదు. 2017లో కాన్సస్ రాష్ట్రం ఓలేథేలో హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఇంజనీర్ కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒకడు కాల్చి చంపాడు. 2019 మార్చిలో న్యూజిలాండ్ క్రైస్ట్‌చర్చ్ మస్జిదుల మీద దాడిలో 51 మంది జానులు పోయాయి. అవి చూసిన ఇంటిపెద్దకు ఫిక్ర్ పట్టుకోదా?

నా రాయ్ సూటిగా చెబుతాను. ఒకటే కొనేట్టయితే అన్నిటికన్నా చిన్నది కొనకండి. మధ్యరకం, కాంపాక్ట్ సైజు 9 ఎంఎం తీసుకోండి. ఇక మన ఇళ్ళలో చాలామందికి అసలు కొనకపోవడమే మేలు.

మొదట కానూన్ సంగతి. ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలు, హెచ్-1బి మీద పనిచేస్తున్నవాళ్ళు అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. వేట లైసెన్స్ ఉన్నవాళ్ళలాంటి కొద్దిమందికే మినహాయింపు. దుకాణంలో కొనడమొక్కటే కాదు, రేంజ్‌లో అద్దెకు తీసుకుని కాల్చినా కేసే. ఎమిరేట్స్ నుంచి ఫ్లోరిడాకు చదువుకు వచ్చిన రెహైఫ్ అనే కుర్రాడి సంగతి ఇదే. చదువు సరిగా సాగక స్టూడెంట్ హోదా పోయింది. ఆ తర్వాత రేంజ్‌కెళ్ళి కాల్చాడు, జైలుపాలయ్యాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. తన హోదా సంగతి అతనికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలని 2019లో కోర్టు చెప్పింది. ఆ తీర్పు చదివి ధైర్యం తెచ్చుకునే అవసరం మనకొద్దు. దోస్తులతో సరదాగా వెళ్ళి, ఇయర్‌మఫ్‌లు పెట్టుకుని ఫోటోలు దిగి పోస్ట్ చేసే కుర్రాళ్ళకు ఇది ఎవరూ చెప్పరు. నేరం రుజువైతే శిక్షతో పాటు దేశం విడిచి పోవలసి కూడా రావచ్చు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకు ఈ అడ్డంకి లేదు.

ఇక సైజు. దుకాణంలో చేతికిస్తే అందరికీ నచ్చేది చిన్నదే. రూగర్ ఎల్‌సీపీ లాంటిది సుమారు 270 గ్రాములు, మొబైల్‌కన్నా కాస్త బరువు. జేబులో వేసుకుంటే ఎవరికీ తెలియదు. కానీ బందూకు ఎంత తేలికైతే ఎదురుదెబ్బ చేతికి అంత తగులుతుంది. అది కాల్చే .380 తూటా 9 ఎంఎం కన్నా బలహీనం, అయినా ఒక పెట్టె, అంటే 50 తూటాలు, అయ్యేసరికి అరచెయ్యి మండుతుంది. పిడి మీద చిటికెనవేలికి చోటుండదు. ముందు గురికీ వెనక గురికీ మధ్య దూరం తక్కువ కాబట్టి చెయ్యి రవ్వంత కదిలినా నిషానా చాలా తప్పుతుంది. దాంతో రెండోసారి రేంజ్‌కు పోవాలనిపించదు. ప్రాక్టీస్ ఆగిపోతుంది. కాల్చడం రాని పిస్టల్ నడుముకు కట్టుకు తిరగడం ఎవరికి హిఫాజత్?

గ్లాక్ 19 వచ్చింది 1988లో. నాలుగంగుళాల బారెల్, 15 తూటాల మ్యాగజైన్, ఖాళీగా 680 గ్రాముల దాకా బరువు. చెయ్యి నిండా పట్టు దొరుకుతుంది, వంద తూటాలు కాల్చినా షౌక్ తగ్గదు, వదులు చొక్కా కింద దాగుతుంది. సన్నగా ఉండేవాళ్ళకు ఇదీ లావనిపిస్తే 2018లో వచ్చిన సిగ్ పీ365 ఉంది. అర కిలో బరువులో పది తూటాలు పడతాయి. పెద్దదంత సుఖంగా ఉండదు, ఎల్‌సీపీ అంత కష్టమూ పెట్టదు. బ్రాండ్ల గొడవ ఇంతటితో చాలు. కొనేముందు రేంజ్‌లో రెండూ అద్దెకు తీసుకుని కాల్చి చూడండి. ఎఫ్‌బీఐ కూడా పెద్ద తూటాలు వాడి వాడి చివరికి 9 ఎంఎంకే తిరిగొచ్చింది, మనమేం పహిల్వాన్లం కాదు.

అసలు డబ్బు పెట్టవలసింది ఒర మీద. గ్లాక్‌కు వేలితో వేసే సేఫ్టీ మీట ఉండదు, ట్రిగ్గర్ నొక్కితే పేలుతుంది. కాబట్టి ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి ఒర కావాలి, మెత్తని గుడ్డ ఒర వద్దు. బాణాలు పట్టుకుని మస్జిదులోనో బజారులోనో నడిచేవాడు వాటి ములుకులు చేత్తో పట్టుకోవాలని, ఎవరికీ గుచ్చుకోకూడదని హదీసులో ఉంది. ఈ కాలపు ములుకు ట్రిగ్గరే.

మస్జిద్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. టెక్సస్‌లో 2019 నుంచి, కమిటీ నోటీసు పెట్టి వద్దంటే తప్ప, ప్రార్థనాలయంలోకి తీసుకెళ్ళడానికి అడ్డు లేదు. 2021 సెప్టెంబర్ నుంచి షరతులకు లోబడి లైసెన్స్ లేకుండానే పెట్టుకు తిరగొచ్చు. కానీ రుకూలో చొక్కా పైకి లేస్తుంది, వెనక సఫ్‌లో ఉన్నాయన నమాజు సంగతి ఏమిటి? సజ్దాలో అది కడుపులో గుచ్చుకుంటుంది. వజూకో, బాత్రూమ్‌కో వెళ్ళి షెల్ఫ్ మీద పెట్టి మరిచిపోతే? కారులో వదిలితే దొంగలకు పండగే. మస్జిద్ పహరా కమిటీ నియమించిన, తర్ఫీదు పొందినవాళ్ళ జిమ్మేదారీ. మిగతావాళ్ళం ఇంట్లో తాళం వేసి రావాలి.

ఇంట్లో అయినా సరే, ఆపాలకు, బాజీలకు ఒక మాట. సల్వార్ కమీజ్‌కు బెల్టు ఉండదని పర్సులో పెట్టుకోకండి. 2014 డిసెంబర్‌లో ఐడహోలో ఒక స్టోర్‌లో రెండేళ్ళ బాబు అమ్మ పర్సులో పిస్టల్ తీసి పేల్చాడు, ఆ తల్లి అక్కడే చనిపోయింది. దాన్ని దాచే ప్రత్యేక అర ఉన్న పర్సే అది. అలమారా పైఅర, దిండు కింద, ఇవన్నీ పిల్లలకు మనకన్నా బాగా తెలుసు. అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఖుద్‌కుషీలే. ఇంట్లో దిగులుగా ఉండే టీనేజ్ పిల్లాడో, మనసు బాగోలేని పెద్దాయనో ఉంటే, ఆ ఇంట్లో ఏ సైజు పిస్టల్ మంచిదన్న ప్రశ్నకు నా జవాబ్ ఏదీ వద్దనే.

కొంటామనేవాళ్ళు పిస్టల్ ఖర్చులో కొంత తగ్గించైనా వేలికొసలతో నంబరు నొక్కి తీసే చిన్న ఉక్కు పెట్టె కొనండి, మంచానికో గోడకో బిగించండి. రేంజ్‌లో కాల్చడానికి మామూలు తూటాలు చాలు. ఒంటిమీద పెట్టుకునేప్పుడు ముందు గుంట ఉన్న హాలో పాయింట్ వాడండి, అది మనిషిని దాటి వెనకున్నవాళ్ళకు తగిలే ముప్పు తక్కువ. కొత్తగా కొన్నవాళ్ళు ముందు క్లాసు చేసి, నాలుగైదు నెలలు రేంజ్‌కే తీసుకెళ్ళండి, ఆ తర్వాతే నడుముకు కట్టడం గురించి ఆలోచించండి.