స్టీరింగ్ కబుర్లు: గ్రాము తీస్తేనే గ్లామరు!

రీళ్ల కాలంలో ఎడిటింగ్ రూములోకి తొంగిచూసిన వాళ్లకి ఈ సంగతి బాగా తెలుసు. సినిమా 18 రీళ్లు తేలింది. వెయ్యడుగుల రీలు తెరమీద 11 నిమిషాలు ఆడుతుంది. నిర్మాత లెక్క వేసుకుని తల పట్టుకుంటాడు. చేతకాని ఎడిటరైతే ఓ పాటనో, కామెడీ ట్రాకునో గుండుగుత్తగా లేపేస్తాడు. పనితెలిసిన వాడు అలా చెయ్యడు. తలుపు తీసే షాట్‌లో నాలుగు ఫ్రేములు, మెట్లు దిగే షాట్‌లో ఆరు ఫ్రేములు, హీరోయిన్ వెనక్కి తిరిగి చూసే చోట రెండు ఫ్రేములు... ఇలా కత్తిరించుకుంటూ పోతాడు. హాల్లో కూర్చున్న వాడికి ఏం పోయిందో తెలీదు. కానీ బొమ్మ మాత్రం పరుగెడుతుంది!

కార్ల కాలమ్‌లో ఈ కత్తెర గొడవేమిటని విసుక్కోకండి. ఈ వారం మన కథానాయకుడు సరిగ్గా ఇలాంటి కత్తెరకే పుట్టిన బుల్లి కారు. పేరు మజ్దా ఎం.ఎక్స్-5. అమెరికాలో ముద్దుగా మియాటా అంటారు. మజ్దా అనగానే మనవాళ్లకి స్వరాజ్ మజ్దా వ్యాను గుర్తుకొస్తుంది కాబోలు. ఆ పేరులో వున్న మజ్దా ఈ కంపెనీదే. జపాన్‌లోని హిరోషిమా దాని సొంతవూరు. ఈ కారుని మన దేశంలో కంపెనీవారు అమ్మకానికి పెట్టలేదు. అయినా దీని కబురు ఎత్తాల్సిన అవసరం ఒక వుత్తరం వల్ల వచ్చింది.

ఆ వుత్తరం డల్లాస్ నుంచి. రాసింది మన తెనాలి కుర్రాడు. "గురువుగారూ, వుద్యోగంలో చేరి మూడేళ్లయింది. రూపాయి రూపాయి కూడబెట్టి నా సొంత డబ్బుతో మొదటి కారు కొనబోతున్నాను. నా మనసంతా మియాటా మీదే. కానీ కొత్త మోడల్ వస్తుందనీ, ఇంకా తేలిగ్గా వుంటుందనీ ఇక్కడి స్నేహితులు ఆగమంటున్నారు. ఇంటి దగ్గర అమ్మేమో సంబంధాలు చూస్తూ, ఇద్దరికే చోటున్న కారేమిట్రా అని మందలిస్తోంది. ఆగనా? కొననా?" అని అడిగాడు.

తమ్ముడూ, నీ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. అమ్మగారి ప్రశ్న చివర్లో చూద్దాం. ముందు బరువు సంగతి.

సైకిల్ తొక్కని వాళ్లెవరు? ఖాళీ సైకిల్ మీద మలుపు తిరగటం ఒక ఆనందం. అదే కారియర్ మీద పాతిక కిలోల బియ్యం మూట వేసుకుని తిరిగి చూడండి! తొక్కేటప్పుడు ఆయాసం, మలుపులో తూలుడు, బ్రేకు పట్టుకుంటే గుండె దడ. కారుకైనా ఇదే సూత్రం. బరువు తగ్గితే చిన్న ఇంజను చాలు. చిన్న ఇంజనుకి చిన్న బ్రేకులు, సన్నని టైర్లు చాలు. అవి చిన్నవైతే బరువు మళ్లీ తగ్గుతుంది. పెరిగినా అంతే సుమండీ! ఒకటి లావైతే దాన్ని మోయటానికి ఇంకొకటి లావెక్కుతుంది.

ఈ తత్వాన్ని మతంలా పట్టుకున్న వాడు ఇంగ్లండులో లోటస్ కార్లు స్థాపించిన కాలిన్ చాప్‌మన్. 1977లో వచ్చిన జేమ్స్‌బాండ్ చిత్రం 'ది స్పై హూ లవ్డ్ మి'లో సముద్రంలోకి దూకి జలాంతర్గామి అయిపోయే తెల్లకారు గుర్తుందా? ఆ లోటస్ ఎస్‌ప్రీ వాళ్లదే. ఆయన 1982లో పోయాడు. ఆయన మార్గాన్ని సామాన్యుడి ధరలో నడిపించిన వాళ్లు మాత్రం జపాన్ వారు.

ఫ్లాష్‌బ్యాక్ చెబుతాను. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ పాత్రికేయుడు మజ్దాలో పెద్ద హోదాలో వున్న కెనిచి యమమోటోని కలిశాడు. ఇంగ్లీషు వాళ్ల పాతతరం టాపులేని బుల్లి కార్లు అంతరించి పోతున్నాయి, అలాంటిది మీరు చవగ్గా ఎందుకు చెయ్యరని అడిగాడు. ఆ విత్తనం మొలవటానికి పదేళ్లు పట్టింది. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటార్ షోలో మొదటి మియాటా తెరమీది కొచ్చింది. 1.6 లీటర్ల ఇంజను, రెండు సీట్లు, తెరిస్తే పైకిలేచే కళ్లలాంటి దీపాలు. జపాన్ మోడల్ బరువు 940 కిలోలు. మన పాత మారుతి 800 సుమారు 650 కిలోలు, అంబాసిడర్ 1,100 కిలోల పైమాటే. ఆ లెక్కన చూసుకోండి.

సూపర్‌హిట్! కానీ హిట్టయిన హీరోకి ఏమవుతుంది? ఒళ్లొస్తుంది. 1994 మోడల్‌కి 1.8 లీటర్ల ఇంజను, బాడీకి అదనపు బిగింపులు వచ్చాయి. 1998 నాటి రెండో తరానికి లేచే దీపాలు పోయాయి. అభిమానులు కన్నీళ్లు పెట్టుకున్నా, ఆ యంత్రాంగం బరువు దిగింది. 2005లో మూడో తరం వచ్చేసరికి కారు పెద్దదైంది. భద్రతా నియమాలు పెరిగాయి, ఎయిర్‌బ్యాగులు పెరిగాయి. అప్పుడు ఆ కారుకి సారథి అయిన తకావో కిజిమా 'గ్రామ్ వ్యూహం' అని ఒకటి మొదలుపెట్టాడు. కిలోల్లో కాదు, గ్రాముల్లో ఆలోచించండని ఇంజనీర్లకి ఆజ్ఞ! లోపల డ్రైవరు వెనక్కి చూసుకునే అద్దం తయారీని సులువు చేసి 84 గ్రాములు మిగిల్చారు. రెండు మిరపకాయ బజ్జీల బరువుండదు! కానీ కారంతటా వెతికితే అలాంటి బజ్జీలు వందలు దొరుకుతాయి. మన ఎడిటర్ కత్తెర ఇదే.

ఇక్కడో తమాషా. అదే మూడో తరానికి 2006లో మీట నొక్కితే ముడుచుకునే గట్టి టాపు ఇచ్చారు. 12 సెకన్లలో తెరుచుకుంటుంది. చూట్టానికి ఎంతో బాగుంటుంది. దాని ఖరీదు 37 కిలోల బరువు! గ్రాము గ్రాము కూడబెట్టిన పుణ్యమంతా ఒక్క సోకుకి ధారపోసినట్టయింది. ప్రేక్షకులు అడిగారు, నిర్మాత ఇచ్చాడు. ఎవర్ననుకుని ఏం లాభం?

అసలు క్లైమాక్సు నాలుగో తరం. 2014 సెప్టెంబరులో చూపించి, 2015లో అమ్మకానికి పెట్టారు. దీనికి దర్శకుడు నొబుహిరో యమమోటో. మూడో తరం కన్నా దాదాపు 100 కిలోలు తగ్గించాడాయన! జపాన్‌లో 1.5 లీటర్ల మామూలు మోడల్ 990 కిలోలకే దిగింది. పొడవు 3,915 మిల్లీమీటర్లు. 26 ఏళ్ల నాటి మొదటి కారు కంటే పొట్టి! ఎలా చేశారంటారా? బానెట్టు, డిక్కీ మూత, ముందు ఫెండర్లు అల్యూమినియంతో చేశారు. వెనక డిఫరెన్షియల్ కేసు కూడా అల్యూమినియమే. చక్రానికి అంతకు ముందు అయిదు బోల్టులుండేవి, వాటిని నాలుగు చేశారు. ముందు సీటు ఎదురుగా వుండే గ్లవ్ బాక్సు ఎత్తేసి, సీట్ల మధ్య చిన్న అర పెట్టారు. టాపుని చేత్తోనే వెనక్కి తోసుకోవాలి, మోటారు లేదు. 2016 ఏప్రిల్‌లో ఈ వంశం మొత్తం పది లక్షల కార్ల మైలురాయి దాటింది.

తమ్ముడూ, ఏటేటా మోడల్ మారుతుందంటే నీలాంటి వాళ్లు ఏం కోరుకోవాలో ఇక్కడే తెలుస్తుంది. 2019 మోడల్ చూడు. అమెరికాలో అమ్మే 2 లీటర్ల ఇంజను 155 హార్స్‌పవర్ నుంచి 181కి పెరిగింది. ఇంజను వేగం హద్దు నిమిషానికి 6,800 చుట్లనుంచి 7,500కి వెళ్లింది. ఇంజను సైజు మాత్రం పెంచలేదు! ఒక్కో పిస్టన్‌లో 27 గ్రాములు, ఒక్కో కనెక్టింగ్ రాడ్‌లో 41 గ్రాములు తగ్గించారు. నాలుగు సిలిండర్లకి కలిపితే 272 గ్రాములు. కూరలవాడి తక్కెట్లో పావుకిలో పైచిలుకు, అంతే. కానీ 7,500 చుట్ల దగ్గర పిస్టన్ సెకనుకి 125 సార్లు కిందికీ పైకీ వెళ్లి రావాలి. ప్రతిసారీ ఆగి, వెనక్కి తిరగాలి. అక్కడ పావుకిలో అంటే పర్వతమే! గాలి లోపలికి, పొగ బయటికి పోయే దార్లు కూడా విశాలం చేశారనుకోండి. ఆ ఏడే స్టీరింగు ముందుకీ వెనక్కీ జరిపే సదుపాయం వచ్చింది. పొడుగాటి కుర్రాళ్లు పండగ చేసుకున్నారు. ఇంత జరిగినా కారు బరువు సుమారు 1,060 కిలోల దగ్గరే ఆగింది.

తర్వాత జపాన్‌లో 990ఎస్ అని ఒకటి విడుదల చేశారు. పేరులోనే బరువు! తెర, సోకులు లేని మామూలు మోడల్‌కి, ఒక్కోటి 800 గ్రాములు తేలికైన చక్రాలు తొడిగారు. నాలిగింటికి 3 కిలోల పైన. చక్రంలో తగ్గిన బరువు డిక్కీలో తగ్గినట్టు కాదు. డాన్సు చేసే హీరో జేబులో అరకిలో వున్నా నెట్టుకొస్తాడు, అదే అరకిలో బూట్లలో వుంటే రెండో స్టెప్పుకే దొరికిపోతాడు. చక్రాలు కారుకి కాళ్లు. తేలికైతే గతుకుమీద ఎగిరి వెంటనే నేలని పట్టుకుంటాయి. ఆ రోజుల్లోనే మలుపులో లోపలివైపు వెనక చక్రాన్ని బ్రేకుతో సుతారంగా పట్టి, కారు ఒరగకుండా చూసే యుక్తి కూడా వచ్చింది. అది కంప్యూటర్ ఆజ్ఞ. అంచేత ఒక్క గ్రాము పెరగలేదు.

కథ ఎప్పుడూ ఇలా సుఖాంతంగా నడవదు. 2023 చివర్లో జపాన్‌లో మారిన మోడల్ చూస్తే, ముందున్న వాటిని పసిగట్టే రాడార్, కారు కంప్యూటర్లోకి దొంగలు జొరబడకుండా కొత్త వైరింగు, పెద్ద తెర వచ్చాయి. వాటితో అన్నిటికంటే చవకైన మోడలు కూడా వెయ్యి కిలోల గీత దాటింది. 990ఎస్‌కి శుభం కార్డు పడింది. అలా అని చట్టాల్ని తిట్టకూడదు. ప్రాణం కాపాడే బరువు వేరు, సోకు కోసం మోసే బరువు వేరు. ఆ తేడా తెలిసిన వాడే మంచి ఇంజనీరు, మంచి ఎడిటరూను.

తేలిక మరీ పిచ్చయితే ఏమవుతుందో కూడా చెప్పాలి గదా! నాలుగో తరం గేర్‌బాక్సుని బాగా నాజూకు చేశారు. మొదటి ఏళ్ల కార్లు కొన్నిట్లో గేర్లు దెబ్బతిన్నాయని కొన్నవాళ్లు ఫిర్యాదు చేశారు. ఆ తర్వాత కంపెనీ లోపలి భాగాల్ని మార్చి గట్టిపరిచింది. అంచేత ఈ కాలమ్‌ సూత్రం ఒకటి రాసిపెట్టుకోండి. కొత్త బొమ్మ మొదటి ఆట చూడొచ్చు గానీ, కొత్త కారు మొదటి ఏడాది కొనటానికి గుండె దిటవుండాలి!

ఇహ రాబోయే అయిదో తరం. 2023 అక్టోబరులో టోక్యో షోలో 'ఐకానిక్ ఎస్పీ' అనే ఎర్రని నమూనా కారు చూపించి అందర్నీ ఊరించారు. రోటరీ ఇంజనుతో కరెంటు పుట్టించుకునే కారు. అందానికి నూటికి నూరు మార్కులు, బరువు మాత్రం 1,450 కిలోలు! అభిమానుల గుండెల్లో రాయి పడింది. 2025లో వచ్చిన వార్తలు కాస్త వూరటనిచ్చాయి. తర్వాతి మియాటాలో పెట్రోలు ఇంజనే, అదీ 2.5 లీటర్లది వుంటుందనీ, బరువు వెయ్యి కిలోల లోపు, పొడవు 4 మీటర్ల లోపు వుంచాలన్నదే లక్ష్యమనీ కంపెనీ ఇంజనీర్ల మాటగా రాశారు. లక్ష్యం అంటే ముహూర్తం షాటు లాంటిది తమ్ముడూ. క్లాప్ కొట్టిన బొమ్మలన్నీ అనుకున్న నిడివిలో విడుదలవుతాయా?

కాబట్టి నా మాట విను. లోపాలు దిద్దుకుని పండిన నాలుగో తరం కారుని ఒకసారి నడిపి చూడు. టాపు తీసి, ఊరి బయట మలుపుల రోడ్డు మీద నడుపు. గట్టి టాపున్న ఆర్.ఎఫ్. కూడా నడుపు. దాదాపు 50 కిలోల తేడా నీ నడుముకే తెలుస్తుంది. మనసు పడితే గుడ్డ టాపుదే కొను. రాబోయే మోడల్‌లో తగ్గే గ్రాముల కోసం నీ పాతికేళ్ల వయసుని మూడేళ్లు షెడ్డులో పెట్టకు. ఎందుకంటే ఏ కంపెనీ కత్తెరా తిరిగి అతికించలేని ఫ్రేములు అవే.

అప్పు చేసి మాత్రం కొనకు. మూడేళ్లు కూడబెట్టినవాడు ఇంకో ఆర్నెల్లు ఆగలేడా? కారు తేలిగ్గా వుండి నెలనెలా కంతు బరువైతే, అది స్పోర్ట్స్ కారు కాదు, ఎడ్లబండి!

ఇక అమ్మగారి ప్రశ్న. ఇద్దరికే చోటున్న కారేమిటంటారా అమ్మా? సంబంధం కుదిరాక కొత్త దంపతులకి కావలసింది ఎన్ని సీట్లు? రెండే గదా! మూడో సీటు అవసరమైన రోజున ఆ కబురు ముందు మీకే అందుతుంది. ఆ రోజుకి డిక్కీ పెద్దదైన కారు మీ అబ్బాయి చేత నేనే కొనిపిస్తాను.

ఏమంటారు పాఠకులూ? మీ ఓటు కొనమనా, ఆగమనా? కార్డు ముక్క రాసి పడెయ్యండి. వచ్చేవారం మళ్లీ స్టీరింగ్ పట్టుకుందాం!