తూము తాళపుచెవి

చిన్న సాఫ్టువేరు కంపెనీ యొకటి మూతపడినదని విన్నప్పుడు, సరకు మంచిది కాదేమో, కొనువారు లేరేమో యని లోకము తలంచుట వాడుక. కాని సరకు బాగుండియు, కొనువారు సిద్ధముగా నుండియు, సొమ్ము చేరవలసిన దారి మూసికొనిపోవుటచే నశించు సంస్థలును గలవు. ఇది విచారింపదగిన విషయము.

ఇట్టి కంపెనీకి అంగడి లేదు, గల్లాపెట్టె లేదు. అమ్మకపు సొమ్మంతయు చెల్లింపుల మధ్యవర్తి చేతిమీదుగా రావలెను. మధ్యవర్తికి అనుమానము పొడమినచో ఖాతా స్తంభించును. అప్పటికే వచ్చిన సొమ్మును నిలిచిపోవును. పేపాల్ నిబంధనలలో నీ గడువు 180 దినముల వరకు గలదు. ఆరు నెలలు జీతము లియ్యక ఏ చిన్న సంస్థ బ్రదుకగలదు? పైరు పొట్టకు వచ్చిన వేళ తూము తాళపుచెవి పరునిచేత జిక్కిన రైతు స్థితి యిదియే.

మధ్యవర్తుల వాదమును బొత్తుగా త్రోసివేయరాదు. కొన్నవాడు మోసపోతినని సొమ్ము వెనుకకు గోరినపుడు, అమ్మినవాడు పరారియైనచో నష్టము మధ్యవర్తిపై బడును. జాగ్రత్త యవసరమే. కాని జాగ్రత్త వేరు, కారణము చెప్పక గొంతు నులుముట వేరు.

ఐస్లాండు దేశపు వ్యవహార మిందుకు దృష్టాంతము. అచ్చటి డేటాసెల్ అను చిన్న కంప్యూటరు సేవల కంపెనీ వికీలీక్సుకు చందాలు వసూలుచేసి పెట్టుచుండెను. 2010 డిసెంబరులో వీసా, మాస్టరుకార్డు సంస్థలు ఆ చందాలను నిలిపివేసినవి. 2011 జూలైలో వాలిటర్ అను స్థానిక మధ్యవర్తి ద్వారమున దారి తెరచుకొన్నను, ఆ నెలలోనే వాలిటర్ ఒడంబడికను రద్దుచేసెను. డేటాసెల్ కోర్టు కెక్కెను. ఆ రద్దు చెల్లదనియు, దారి తెరువనిచో దినమునకు 8 లక్షల క్రోనల జుల్మానా చెల్లింపవలెననియు 2013 ఏప్రిలు 24న ఐస్లాండు సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. వికీలీక్సును గూర్చి యెవరి యభిప్రాయ మెట్లున్నను, ఒడంబడికకు బలవంతుడును కట్టుబడవలెనను ధర్మము నిలిచినది. అయినను తీర్పు వచ్చుసరికి దాదాపు రెండేండ్లు గడచెను. నిలువుధనము లేనివారు అన్నినాళ్లు వేచియుండగలరా?

మన దేశమున 2016లో మొదలైన యూపీఐ, దేశీయ చెల్లింపులలో విదేశీ కార్డుల ప్రాపును చాల వరకు తప్పించినది. ఇది గర్వింపదగిన స్వదేశీ కార్యము. వర్తకుల సొమ్మును మధ్యవర్తులు తమ సొమ్ముతో గలుపక బ్యాంకులో ప్రత్యేక ఖాతాయందుంచవలెనని రిజర్వుబ్యాంకు 2020లో విధించుటయు మేలైన పని. కాని హైదరాబాదులోనో విశాఖపట్టణములోనో కూర్చుండి అమెరికా వారికి సాఫ్టువేరు నమ్ముకొను చిన్న సంస్థకు, కార్డు సొమ్ము నేటికిని పరుల ద్వారమునుండియే రావలసియున్నది. ఇక మధ్యవర్తి స్వదేశీయుడైనంత మాత్రమున న్యాయపరుడగునను నమ్మకమును లేదు.

కావున మూడు హక్కులు చట్టముచే స్థిరపడవలెను: ఖాతా మూయుటకు ముందు కారణముతో గూడిన నోటీసు; నిలిపిన సొమ్మును తిరిగి యిచ్చుటకు నిశ్చితమైన గడువు; శీఘ్రముగా మొర వినునట్టి నిష్పక్షపాతియైన యధికారి. మోసగాండ్రను పట్టుటకు వీనివలన ఆటంకము రాదు. వ్యాపారులును ఒక్క తూమునే నమ్ముకొనక రెండవదారి సిద్ధపరచుకొనుట వివేకము. పైరెండిన పిమ్మట నీరు విడిచిన నేమి ఫలము?